ఒక్క చుక్క కారలేదు, బండి మాత్రం ఆగిపోయేది: మా జోంగా పెట్రోలు పైపులు

నిన్న మా జోంగా ఎక్కడా ఆగకుండా అనంతగిరి గుట్ట ఎక్కింది. నెలన్నర టెన్షన్ తీరింది.

జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో నిస్సాన్ లైసెన్సుతో తయారైన ఆర్మీ బండి ఇది. ఆరు సిలిండర్లు, దాదాపు 4 లీటర్ల పెట్రోలు ఇంజిన్. మిలిటరీ వేలంలో నాన్న కొన్నారు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ట్యాంకు నుంచి ఇంజిన్‌కు పెట్రోలు తెచ్చే లైనులో పాత రబ్బరు గొట్టం దానికి ఆగలేదు, ఉబ్బి పగిలింది. స్టీలు పైపు కూడా తుప్పు పట్టింది. మొత్తం లైను మార్చేద్దామనుకున్నాను.

బ్యాటరీ వైర్లు తీసి, ఆరుబయట ట్యాంకు ఖాళీ చేసి, పాతవన్నీ ఒక్క పూటలో విప్పాను. రాణిగంజ్‌లో షాపతను రాగి పైపు అంటగట్టబోయాడు, సులువుగా వంగుతుందట. బండి అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది, తీసుకోవద్దు. స్టీలు పైపే కొన్నాను. రబ్బరు గొట్టానికి జె30 ఆర్9 (పెట్రోలు గొట్టాల ప్రమాణం) అని అచ్చు ఉన్నది చూసి మరీ తీసుకున్నాను. కొలతకు కోసి, మూతులు ఫ్లేర్ చేసే (బిగింపు గట్టిగా కూర్చునేలా అంచు వెడల్పు చేసే) పని మాత్రం తెలిసిన మెకానిక్‌కు ఇచ్చాను.

అక్కడే దెబ్బ తిన్నాను. బండి స్టార్ట్ అయ్యేది, నిలబడి ఉన్నంతసేపూ బాగా నడిచేది. ఫ్లైఓవర్ ఎక్కితే చాలు, దగ్గి ఆగిపోయేది. కింద పడుకుని చూస్తే ఎక్కడా తడి లేదు. కార్బురేటర్ అన్నాడు, కిట్ మార్చాడు. పంపు అన్నాడు, డయాఫ్రం మార్చాడు. ఆరున్నర వేలు అయ్యాయి. మూడోసారి వెళ్తే నలుగురి ముందు, "సార్, దీన్ని కాటాకేసి అమ్మేయండి" అన్నాడు. నాన్న పక్కనే ఉన్నారు. ఆయన తల వంచుకుని బయటికి నడిచారు. ఆ మాట నేను మర్చిపోను. పని రాకపోతే రాదని చెప్పాలి, ఒకరి బండిని తుక్కు అనకూడదు.

తిరుమలగిరిలో బ్రేకు పైపులు చేసే ఒక చాచా రెండు నిమిషాల్లో విషయం పట్టేశాడు. "పంపు ఇంజిన్ దగ్గర ఉంది బాబూ. ట్యాంకు నుంచి పెట్రోలు పీల్చుకుంటుంది. మధ్యలో సందు ఉంటే పెట్రోలు బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది." పంపు ముందు జానెడు ప్లాస్టిక్ గొట్టం, లోపల కనిపించేది, పెట్టి ఇంజిన్ రేజ్ చేశాడు. బుడగలు వరసగా వచ్చాయి. స్టీలు పైపు విప్పి శుభ్రంగా కడిగి, ఒక చివర మూసి, రెండో చివర సైకిల్ పంపుతో గాలి కొడుతూ బకెట్ నీళ్లలో ముంచాడు. ట్యాంకు వైపు ఫ్లేర్ దగ్గర బుడగలు. వెంట్రుకంత పగులు. హాక్సాతో వంకరగా కోసి, అంచు నున్నగా చేయకుండానే ఒంటి ఫ్లేర్ కొట్టేశాడు ఆ మెకానిక్!

చాచా కట్టర్‌తో కోసి, అంచు రెండు మడతలయ్యేలా డబుల్ ఫ్లేర్ చేసి, రెండు వందలే తీసుకున్నాడు. మీరు చేయించేటప్పుడు దగ్గరుండి చూడండి, బిగించే ముందే బకెట్ పరీక్ష చేయించండి. ఆ ప్లాస్టిక్ గొట్టం పరీక్షకే, బండికి ఉంచేయకండి, పెట్రోలుకు గట్టిపడి పగులుతుంది.

గుట్ట దిగేటప్పుడు స్టీరింగ్ నాన్న తీసుకున్నారు.