ఊడ్చేది నేను, వారంటీ మా ఆయనది

కొత్త వాక్యూమ్ నిన్న సాయంత్రం ఇంటికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. ఇంకో నెల పోతే నేనే "పోనిద్దూ" అనేస్తాను.

మేం ఉండేది డాలస్ పక్కన అర్వింగ్‌లో, అద్దె ఇంట్లో. వంటిల్లు, బాత్రూములు తప్ప అంతా కార్పెట్టే. ఇక్కడ ఎక్కువమంది కార్పెట్‌కి వాడేది నిలువు వాక్యూమ్, అంటే అప్‌రైట్. మోటారు, చెత్త చేరే డబ్బా, బ్రష్ అన్నీ ఒకే కర్రకు ఉంటాయి. అడుగున గిర్రున తిరిగే బ్రష్ కార్పెట్ పోగుల్ని దులిపి మట్టిని లేపితే, గాలి దాన్ని లాక్కుపోతుంది. ఆ బ్రష్ తిరగడం ఆగిందంటే ఎంత పెద్ద మోటారున్నా కార్పెట్ మీద దండగే.

మొదటిది కొనడం చిటికెలో అయిపోయింది. బ్యాగ్ అక్కర్లేని రకం, నాలుగున్నర స్టార్లు, ఐదేళ్ల వారంటీ. మా ఆయన కార్డు గీకారు, ఆయన ఈమెయిల్‌తోనే రిజిస్టర్ చేశారు. అట్టపెట్టె మీద "12 ఆంప్స్" అని ఇంత లావు అక్షరాలతో రాశారు. అది మోటారు తినే కరెంటు లెక్క, లాగే బలం కాదు. ఇక్కడి 120 వోల్టుల ప్లగ్గుకి పెట్టే పెద్ద అప్‌రైట్లలో చాలావాటికి ఆ అంకె 10, 12 మధ్యే ఉంటుంది. దాన్ని చూసి ఏదీ తేల్చలేం. ఇక స్టార్లంటారా, కొన్న వారంలోపు ఉత్సాహంగా ఇచ్చేవే ఎక్కువ. మొదటి వారం ఏ వాక్యూమైనా బాగానే లాగుతుంది.

రెండేళ్లు తిరక్కుండానే ఒకరోజు కాలిన ప్లాస్టిక్ వాసనొచ్చి బ్రష్ ఆగిపోయింది. స్క్రూడ్రైవర్ తీసుకుని నేనే విప్పాను. మా ఇంట్లో రెండు పొడుగు జడలున్నాయి, నాదీ మా అమ్మాయిదీ. బ్రష్ పొడవునా కత్తెర పెట్టి ఆ వెంట్రుకలు కత్తిరించడం నాకు వారంవారం ఉన్న పనే. కానీ బ్రష్ చివర, బేరింగ్ కూర్చునే మూత లోపలికి దూరిన వెంట్రుకలు పైకి కనబడవు. అక్కడ చుట్టుకుని, రాపిడికి వేడెక్కి, ఆ మూతనే కరిగించేశాయి. బెల్టు మాత్రం పళ్లున్న రకం, చెక్కుచెదరలేదు. అంటే పోయింది బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. అది విడిగా అమ్మరట! కింది తల మొత్తం కొనాలి, అది కూడా స్టాకులో లేదు. సరే, వారంటీ ఉంది కదా అని ఫోన్ చేశాను.

"రిజిస్టర్ అయిన ఓనర్ మీరేనా?" అంది అవతలి అమ్మాయి. ఆయన భార్యనన్నాను. ఓనర్‌తో తప్ప మాట్లాడకూడదంది. ఆయన దీన్ని ఒక్కసారి కూడా పట్టుకోలేదమ్మా, రోజూ వాడేది నేనంటే, "మీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది మ్యామ్" అని పెట్టేసింది.

సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి రాగానే స్పీకర్‌లో పెట్టి కూర్చోబెట్టాను. ముందు ఆయన పేరు, ఈమెయిల్, "ఈవిడతో మాట్లాడటానికి నేను అనుమతిస్తున్నాను" అనే ముక్క చెప్పించుకున్నారు. అనుమతి! అదైనా పోనీ, పరీక్షలు మాత్రం ఓనరే చెయ్యాలట. డబ్బా తీయండి సార్ అన్నారు. ఈయన పైనున్న పిడి పట్టుకు లాగారు, పై భాగమంతా ఊడి చేతిలోకొచ్చింది. ఎడమ పక్క మీట నొక్కండని నేను సైగ చేస్తున్నాను. ఆయనకు అర్థం కాక "ఏంటి?" అని పైకే అడిగారు. పక్కన ఎవరో చెబుతున్నట్టున్నారు, దయచేసి ఓనర్‌నే చెప్పనివ్వండని అవతలి నుంచి హెచ్చరిక.

వారానికి ఎన్నిసార్లు వాడతారని అడిగితే ఈయన నా మొహం చూసి "ఒకసారి" అన్నారు. నేను రోజూ వాడతాను. దీంతో ఏమేం ఎత్తుతారని అడిగితే నిజాయితీగా చెప్పేశారు: వెంట్రుకలు, ఆవాలు, దేవుడి మూల దగ్గర కుంకుమ, బియ్యప్పిండి. ఆఖరి మాట దగ్గర అవతల కీబోర్డు టకటకలాడింది. "సార్, పిండి మామూలు ఇంటి చెత్త కిందకి రాదు. అది దుర్వినియోగం. వారంటీ వర్తించదు."

నాకు ఒళ్లు మండిపోయింది. గడప లోపల ముగ్గేసుకుంటే అది మామూలు ఇల్లు కాదా? కుక్క బొచ్చు ఎత్తే బొమ్మ అట్టపెట్టె మీదే వేసుకున్నారు, అది మాత్రం మామూలు చెత్త! సన్నటి పొడి ఫిల్టర్‌ని మూసేస్తుందన్నది నిజమే, కాదనను. అందుకే నెలనెలా కడిగి, 24 గంటలు ఆరబెట్టి గానీ తిరిగి పెట్టను. కానీ ఫిల్టర్ మూసుకుపోతే మోటారు వేడెక్కి దానంతటదే ఆగిపోవాలి. బ్రష్ చివరి మూత కరగడానికీ పిండికీ సంబంధమేంటి? ఇదే అడిగితే "ఓనర్‌కి మెయిల్ పంపిస్తాం" అన్నారు.

ఆ రాత్రి కూర్చుని ఈ యంత్రం పుట్టుక చదివాను. దీన్ని తయారుచేసింది ఒహాయోలోని కాంటన్‌లో ఊడ్చే పని చేసుకునే జేమ్స్ స్పాంగ్లర్. దుమ్ముకి ఆయాసం వస్తోందని ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి కట్టాడు. 1908లో పేటెంట్ వచ్చింది. వాడి చూసి బాగుందన్నది సూసన్ హూవర్ అనే ఆవిడ. హక్కులు కొన్నది ఆవిడ భర్త విలియం, పేరు నిలిచింది ఆయన ఇంటిపేరు. ఊడ్చినవాడి పేరూ లేదు, బాగుందని చెప్పినావిడ పేరూ లేదు. నూరేళ్లు దాటినా కాల్ సెంటర్ పద్ధతి అదే.

మర్నాడు మెయిల్ నేనే రాశాను, కింద మా ఆయన పేరు పెట్టి. కరిగిన మూత ఫోటో, తెల్లగా ఉన్న ఫిల్టర్ ఫోటో జతచేశాను. ఈ దేశంలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. వారంటీలో ఏది వస్తుందో ఏది రాదో రాతలో స్పష్టంగా చెప్పాలంటుంది. బియ్యప్పిండి కూడదని మీ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించండని అడిగాను. జవాబు సూపర్‌వైజర్ దగ్గర్నుంచి వచ్చింది, "సద్భావంతో" కొత్తది పంపిస్తామని. షరతు ఏంటంటే, పాతదాని కరెంటు వైరు కత్తిరించి, కేసు నంబరు రాసిన కాగితం పక్కన పెట్టి ఫోటో తీసి పంపాలి. మళ్లీ వాడుకోకుండానట. వెంట్రుకలు తీసే కత్తెరకు తెగలేదు, పక్కింటివాళ్ల కటింగ్ ప్లేయరు తెచ్చి కత్తిరించాను. ఒక్క ప్లాస్టిక్ మూత కోసం బంగారంలాంటి మోటారు చెత్తకుప్పలోకి పోయింది. వచ్చింది మాత్రం ఎవరో వాపసిచ్చినదాన్ని బాగుచేసి పంపిన మెషీన్. వారంటీ కూడా పాత తేదీ నుంచే లెక్క.

అది వచ్చేలోపు దగ్గర్లో వాక్యూములు రిపేరు చేసే కొట్టుకి వెళ్లాను. ఇలాంటి కొట్లు ఇంకా మిగిలున్నాయి, వెతకండి. ఆ పెద్దాయన మేకులకు వేలాడదీసిన బెల్టులు చూపించి, వీటికి విడిభాగాలు దొరుకుతాయి, ఆ మూల ఉన్నవాటికి దొరకవు, అంతే తేడా అన్నాడు. నాకు నచ్చి కొన్నది సీబో అనే జర్మనీ కంపెనీది, బ్యాగ్ ఉన్న రకం. మీట నొక్కితే బ్రష్ మొత్తం పక్కకి జారి చేతిలోకొస్తుంది, స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. యూరప్‌లో 2017 సెప్టెంబర్ నుంచి వాక్యూమ్ మోటారు కనీసం 500 గంటలు నడవాలని నిబంధన ఉంది. రోజుకి ఇరవై నిమిషాల చొప్పున నాలుగేళ్లు. నేనిక్కడ తిరగేసిన ఏ అట్టపెట్టె మీదా గంటల లెక్క లేదు, అన్నీ ఆంప్సే.

నిన్న రాత్రి సీబోకీ, బాగుచేసి పంపినదానికీ పోటీ పెట్టాను. అమెరికా ల్యాబుల్లో 90 పాళ్లు ఇసుక, 10 పాళ్లు టాల్కం కలిపిన 100 గ్రాముల మట్టిని కార్పెట్‌లోకి రుద్ది, ఎంత వెనక్కొచ్చిందో తూస్తారు. నేను 100 గ్రాముల బొంబాయి రవ్వ తూచి, పాత కార్పెట్ ముక్క మీద కాలితో బాగా రుద్దాను. నిజం చెప్పాలంటే లాగడంలో పెద్ద తేడా లేదు. డబ్బా ఖాళీ చేస్తుంటే మాత్రం రవ్వ పొడి మళ్లీ మొహానికి కొట్టింది. బ్యాగ్ అయితే మూతిమూసి చెత్తబుట్టలో పడేశాను. బ్యాగులకు అదనపు ఖర్చుంది, బరువూ ఎక్కువే, మెట్లెక్కించాలంటే చెయ్యి లాగుతుంది.

కొనబోయేవాళ్లు స్టార్లు వదిలేసి బ్రష్, బెల్టు, ఫిల్టర్ విడిగా అమ్ముతారో లేదో, ధరెంతో ముందు చూడండి. రసీదు మాత్రం వాడేవాళ్ల పేరు మీదే తీసుకోండి, ఇంట్లో ఎవరేమనుకున్నా సరే. నేను ఈసారి అదే చేశాను. బాగుచేసి పంపినదాన్ని మా ఆయన గరాజులో కారుకి వాడతానంటున్నారు. వాడమన్నాను, డబ్బా తీయడం ఎలాగూ నేర్చుకున్నారు.