కొండపల్లి ఖిల్లాలో తెల్లోళ్ళ మిలిటరీ స్కూలు

కొండపల్లి అంటే మన బెజవాడోళ్ళకి బొమ్మలే గుర్తొస్తాయి, ఖిల్లా పైకెళ్ళినా తనీషా మహల్ దగ్గర నాలుగు సెల్ఫీలు దిగి కిందకొచ్చేస్తారు గానీ అక్కడ ఒకప్పుడు సోల్జర్లకి ట్రైనింగ్ స్కూల్ నడిచిందని ఎంతమందికి తెలుసో మరి. 14వ శతాబ్దంలో రెడ్డిరాజులు కట్టారు, తర్వాత గజపతులు, కృష్ణదేవరాయలు, కుతుబ్ షాహీలు... ఇదంతా ఎక్కడైనా చదవొచ్చు, వదిలేద్దాం. నాకు అసలు ఇంట్రెస్ట్ 1766 దగ్గర మొదలవుద్ది. ఆ ఏడు ఈస్టిండియా కంపెనీ జనరల్ కైలాడ్ కోటని పట్టుకున్నాడు, మరుసటేడు 1767లోనే కంపెనీవాళ్ళు ఇక్కడ మిలిటరీ ట్రైనింగ్ పెట్టేశారు, అంటే రాజుల కోట కాస్తా క్యాంపస్ అయిపోయిందన్నమాట. వాళ్ళ బ్యారక్స్, ఇంగ్లీషోళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. మహల్ గోడలంత అందంగా ఏం ఉండవు లెండి, నిజం చెప్పాలి, కానీ అంత దూరం నుంచి ఓడెక్కొచ్చి ఈ కొండమీద మన ఎండలో డ్రిల్లు చేసి ఇక్కడే పోయిన కుర్రోళ్ళు కూడా ఉండుంటారు కదా అనిపిస్తే కాసేపు అక్కడే ఆగిపోతాం. పురావస్తు శాఖ వాళ్ళు రక్షిత కట్టడం అన్నారు సరే, గోడల మీద లవ్ సింబల్స్ గీకే మనోళ్ళనుంచి ఎవరు రక్షిస్తారో! వెళ్తే చలికాలం పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళ బాటిల్ మర్చిపోకండి.