ఘాట్ ఎక్కితే వెనక, దిగితే ముందు

లారీ క్యాబిన్ పైనున్న వెంటిలేటర్ కారుతోందని ఎవరికి చెప్పినా ఒకటే సలహా: రేకు ముక్క కొట్టి పూర్తిగా మూసేయండి. సాలూరులో అదే చెప్పారు, సుంకి దగ్గర టీ కొట్టులో అదే చెప్పారు, సెమిలిగుడలో టైరుకు గాలి పట్టిన కుర్రాడు కూడా అదే చెప్పాడు. మా బావ వినలేదు. వినకపోవడమే మంచిదైంది.

బావది సాలూరు. విశాఖ నుంచి రాయపూర్ వెళ్ళే పాత దారి మీద ఉండటం వల్ల ఆ ఊరు చాలాకాలంగా లారీలతోనే బతుకుతోంది. ఆయన బండి పాత టాటా. ఛాసిస్ మాత్రం కొని తెచ్చుకుని, క్యాబిన్‌ను బాడీ షెడ్డులో కట్టించుకునే రోజుల నాటిది. చెక్క ఫ్రేము, దాని మీద రేకు, లోపల రెక్సిన్. ఇంజన్ డ్రైవర్ పక్కనే బానెట్ కింద ఉంటుంది. ఎండాకాలం విజయనగరం వైపు దిగితే ఆ వేడికి ఎడమ కాలు చుర్రుమంటుంది. అప్పుడు దిక్కు టాప్ మీది ఆ మూతే. వెనక్కి తెరిచి పెడితే బండి పరుగుకు లోపలి వేడిగాలిని పైకి లాగేస్తుంది, ముందుకు తెరిస్తే ఎదురుగాలిని లోపలికి తోస్తుంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యరకం, పెద్ద లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలని కేంద్రం రూలు పెట్టింది. సంతోషమే. కానీ అంతకుముందే రోడ్డెక్కిన బండ్లకు ఆ రూలు వర్తించదు. వాటిని నడిపేవాళ్ళకూ చెమట పడుతుంది.

నాకు ఒడిశాలోని జయపురంలో శ్రావణం పెళ్ళి ఒకటి తగిలింది. బావ కిరాణా సరుకు వేసుకుని అటే వెళ్తున్నాడు. "బస్సెందుకు రా, బండెక్కు" అన్నాడు. సరేనన్నాను. సాలూరు దాటి ఘాట్ మొదలయ్యేసరికి వాన పట్టుకుంది. లోడు బండి సెకండ్ గేరులో మూలుగుతూ ఎక్కుతోంది, వైపర్ తుడిచినంత మేర మాత్రమే రోడ్డు కనిపిస్తోంది. నేను వెనక బెర్తు మీద కాళ్ళు చాపుకుని ఉన్నాను. మెడ మీద చల్లగా ఒక చుక్క పడింది. పక్కకు జరిగాను. అక్కడా పడింది. పెళ్ళికి తీసుకున్న చీర ఉన్న సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ. ఆ దారిలో దేవమాలి కొండ కనిపిస్తుందని నా ఆశ. 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. మబ్బులో కొండ కాదు కదా, ఎదురొచ్చే బస్సే కనపడలేదు. కొరాపుట్ దాటి జయపురం వైపు దిగుతుంటే తమాషా జరిగింది. నా మీద చుక్కలు ఆగిపోయి, బావ మోకాలి మీద మొదలయ్యాయి. ఆయన అలవాటైన మనిషిలా ఒక గుడ్డ తీసి మోకాలి మీద పరుచుకున్నాడు. "దిగేటప్పుడు నా వంతు" అన్నాడు.

ఈ కారుడు అంతకుముందే బాగుచేయించారు, అదీ ఒకసారి కాదు. ప్రతిసారీ పైన ఏదో ఒకటి పూశారు. మొదట తారు, తర్వాత ఎంసీల్, ఆ తర్వాత బాత్రూము గట్లకు పెట్టే తెల్ల సిలికాన్. కొన్నాళ్ళు ఆగడం, మళ్ళీ కారడం.

జయపురంలో సరుకు దించుకునే కొట్టు యజమాని వాన తగ్గాక చూద్దామన్నాడు. పెళ్ళి మర్నాడు. అలా చేతిలో ఖాళీ దొరికింది. లారీలు ఆగే చోట ఒక టింకరింగ్ షెడ్డు ఉంది, మేస్త్రీ తెలుగాయనే. వాళ్ళది పార్వతీపురం వైపు నుంచి తాతల నాడు వచ్చిన కుటుంబమట. మాతో తెలుగు, పనివాడితో ఒడియా, మధ్యలో వచ్చిన రైతుతో అక్కడి పల్లెల భాష దేశియా. ఏ మాటలోంచి ఏ మాటలోకి ఎప్పుడు మారాడో తెలియలేదు. జయపురంలో ఇది వింతేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి భారీ విరాళాలిచ్చిన విక్రమదేవ వర్మ ఈ జయపురం మహారాజే. నా పక్కన బావ మాత్రం చరిత్ర మీద కాదు, మేస్త్రీ ఏమంటాడో అన్న టెన్షన్‌లో ఉన్నాడు.

మేస్త్రీ బండెక్కలేదు, పైకి చూడలేదు. ముందు అడిగింది ఒక్కటే. "ఘాటీ ఎక్కేటప్పుడు ఎక్కడ పడతాది బాబూ? దిగేటప్పుడు ఎక్కడ?"

చెప్పాం.

"అయితే కన్నం ఒక్కటే. నీళ్ళు రేకుకీ రెక్సిన్‌కీ మధ్య నిలబడతన్నాయి. బండి ఎటు వాలితే అటు నడుస్తాయి. మీరు చుక్క పడిన చోట పూసుకుంటూ పోయారు, అది కారే చోటు కాదు."

అప్పుడు నాకు అర్థమైంది, మూసేయమన్నవాళ్ళంతా ఎందుకు అంత తేలిగ్గా చెప్పారో. పైన పూయడం, రేకు కొట్టడం పావుగంట పని. లోపల రెక్సిన్ విప్పి చూడటం సగం రోజు పని. పైగా రేకు కొట్టినా ఆ రేకు చుట్టూ మళ్ళీ మేకులు, మళ్ళీ కన్నాలు. వెంటిలేటర్ పోతుంది, కారుడు ఉంటుంది.

రెక్సిన్ విప్పారు. కింద ప్లైవుడ్ నల్లబడి పొరలు పొరలుగా ఊడొచ్చింది, పుట్టగొడుగుల వాసన. నేను టార్చి పట్టుకుని లోపల కూర్చున్నాను, పనివాడు పైన మగ్గుతో నీళ్ళు పోశాడు. ఇక్కడ మేస్త్రీ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒకేసారి బకెట్ కుమ్మరించనివ్వలేదు. వాలు ఎటుందో చూసి, ముందు కింది అంచు మీద కొంచెం పోయించాడు, కాసేపు ఆగమన్నాడు, తర్వాత పక్క అంచు, చివరికి పై అంచు. పైనుంచి మొదలెడితే నీళ్ళు అన్ని అంచుల మీదుగా పారి ఏ కన్నంలోంచి దిగాయో తేలదట. వెనక ఎడమ మూల తడపగానే ఒక బోల్టు చుట్టూ సన్నగా మెరిసింది. సుద్దముక్కతో గుండ్రం చుట్టాను. దాని పక్కదీ అంతే. మిగతా మూడు మూలలు పొడిగానే ఉన్నాయి.

ఆ మూలే ఎందుకంటే, బావ తాటిపత్రి, తాళ్ళ కట్ట అన్నీ క్యాబిన్ టాప్ మీద ఆ వైపే పడేస్తాడు. ఆ బరువుకు రేకు గుంట పడింది, గుంటలో నీళ్ళు నిలిచాయి. బండి ఊగినప్పుడల్లా రేకు ఆడి బోల్టు కన్నం పెద్దదైంది. ఎంసీల్ గట్టిపడితే రాయి, ఆడే రేకు మీద అది నిలవదు, పగులుతుంది. తారు ఎండకు జారుతుంది. సిలికాన్ సంగతి నాకు కొత్త. పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం ఉంటుంది చూడండి, అది ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, పెయింటు లేని ఇనుము మీద తుప్పు పట్టిస్తుంది. దాని మీద పెయింటు అంటదు, ఇంకో సీలెంటూ పట్టదు. కాబట్టి పాతదంతా పోవాల్సిందే.

వెంటిలేటర్ ఫ్రేము మొత్తం విప్పేశారు. గీకుడు మధ్యాహ్నం భోజనం వేళ దాకా సాగింది. పనివాడు పుట్టీ బ్లేడుతో గీకి, ఎమరీ కాగితంతో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచాడు. తుప్పు తిన్న మూల చిల్లు పడింది. వెల్డింగ్ పెట్టొచ్చు కదా అన్నాను. మేస్త్రీ నా వంక జాలిగా చూశాడు. కింద ఎండిన చెక్క, పక్కన స్పాంజి. నిప్పురవ్వ చాలు. కొత్త రేకు ముక్కను సీలెంటు మీద కూర్చోబెట్టి రివిట్లు కొట్టాడు. పైన తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పెయింటు.

అసలు కష్టం తడి. బయట జల్లు పడుతూనే ఉంది. షెడ్డు చూరు కిందికి బండి ముందు భాగం తోసి, పైన పట్టా కట్టి, హాలోజన్ లైటు దగ్గరగా పెట్టి రేకును వేడెక్కించారు. వాడింది ముందు అద్దం అతికించే పాలీయురెథేన్ సీలెంటు. గట్టిపడటానికి దానికి గాలిలోని తేమే కావాలి, కాబట్టి వానాకాలం దానికి శత్రువు కాదు. కానీ పూసే చోటు మాత్రం పొడిగా ఉండాలి. రబ్బరులా సాగుతుంది, రేకు ఆడినా పగలదు.

ఫ్రేము చుట్టూ తెగకుండా ఒకే వరుస పెట్టాడు, ప్రతి బోల్టు కన్నం చుట్టూ ఒక చుట్టు. బోల్టులు బిగించడం బావ చేస్తానన్నాడు, పానా లాక్కున్నాడు మేస్త్రీ. ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం. అంచున సీలెంటు సన్నగా పొంగగానే ఆపేశాడు. "ఇంకా బిగిస్తే మందంతా బయటికి వచ్చేస్తాది, లోన ఇనుము ఇనుమే మిగులుతాది." తర్వాత మూత అంచుకు కొత్త రబ్బరు బీడింగ్. పాతది ఎండకు బిర్రబిగిసి వేలితో నొక్కితే అణగడం లేదు. బీడింగ్ అతుకు వెనక అంచు మధ్యలో వచ్చేలా పెట్టాడు. పరుగులో వాన కొట్టేది ముందు నుంచి, నిలిచేది మూలల్లో.

వెంటిలేటర్‌కు ముందు వైపు ఒక సన్న రేకు పట్టీని గట్టులా అతికించాడు, నీళ్ళు రెండు పక్కలకూ చీలిపోవడానికి. అది మేము అడగలేదు. తాటిపత్రి మాత్రం ఇక టాప్ మీద పడేయొద్దన్నాడు. బావ తలూపాడు. ఆ తలూపుడు నేను చాలాసార్లు చూశాను.

రాత్రి బండి అక్కడే ఉంది. పెళ్ళి బాగా జరిగింది. భోజనంలో చేపల పులుసు మాత్రం గుర్తుండిపోయింది. సరుకు దించి, మిల్లు బియ్యం వేసుకుని తిరుగు ప్రయాణం కట్టాం.

కొరాపుట్ ఎక్కేదాకా చినుకు లేదు, బావకు అదో నిరాశ. పొట్టంగి దగ్గర మొదలైంది, ఇక దంచింది. నేను బెర్తు మీద అరచేయి చాపి కూర్చున్నాను. పొడి. ఘాట్ దిగుతుంటే బావ మోకాలు చూసుకున్నాడు. పొడి. సుంకి దాటాక నా ఎడమ పక్కన, తలుపు పైన, కొత్త చోట ఒక చుక్క దిగింది.

బావ బండి పక్కకు తీసి మేస్త్రీకి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు. అవతల నవ్వు.

"ఆ పక్క టాప్ లైటు వైరు దిగే కన్నం ఉంది, దానికి తొడిగే రబ్బరు చుట్టు, గ్రామెట్, లేదు బాబూ. నిన్న చూశాను."

"చూస్తే చెప్పలేదేటి మేస్త్రీ?"

"మీరు వెంటిలేటర్ గురించి కదా అడిగారు!"

సాలూరులో గ్రామెట్ కొన్నాం. వేసింది నేనే.