ట్రక్కులో ఉడికిన ఇన్సులిన్

సోమవారం, సెప్టెంబరు 2025

పొద్దున ఆరున్నరకు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో దాటి దక్షిణంగా వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్షతోటల్లో కాగితాలు పరిచి ఉన్నాయి. సాళ్ల మధ్య నేల మీద గోధుమరంగు కాగితం, దాని మీద కోసిన గుత్తులు. రెండు మూడు వారాలు ఎండితే అవే ఎండుద్రాక్ష. ఈ దారిలోనే ఉన్న సెల్మా అనే ఊరు తాను ప్రపంచానికే ఎండుద్రాక్ష రాజధానినని చెప్పుకుంటుంది. నాకు మాత్రం ఏడేళ్లుగా ఈ రోజుల్లో మా గుంటూరు మిరపకల్లాలే కళ్ల ముందు ఆడతాయి. ఘాటు లేదు, బదులుగా తియ్యటి వాసన. మబ్బు పడితే రైతు గుండె జారిపోవడం మాత్రం అక్కడా ఇక్కడా ఉన్నదే. నేను బడికి ఆలస్యమైన పిల్లలా కారు తోలుతున్న ఆ వేళకే కూలీలు ఎండకు ముందు చేయగలిగినంత చేసేయాలని ఆదరాబాదరా కోస్తున్నారు. కూలి ట్రే లెక్కన, అంటే నింపిన ఒక్కో కాగితానికి ఇంత అని.

నేను పనిచేసేది ఒక చిన్న ఊరి క్లినిక్‌లో, మందుల కౌంటరు వెనక. వచ్చేవాళ్లు దాదాపు అందరూ మెక్సికో నుంచి వచ్చినవాళ్లో, వాళ్ల పిల్లలో. నా స్పానిష్ పని జరుపుకునేంతే. కొత్తగా చేరినప్పుడు ఒక సీనియర్ ఫార్మసిస్టు చెప్పిన సంగతి ఇప్పటికీ లేబుల్ అంటించిన ప్రతిసారీ గుర్తొస్తుంది. రోజుకు ఒకసారి అనడానికి ఇంగ్లీషులో రాసే ‘once’ అన్న మాటను అవే అక్షరాలతో స్పానిష్‌లో చదివితే ‘ఓన్సే’ అవుతుంది. ఓన్సే అంటే పదకొండు. రక్తపోటు మాత్రలు రోజుకు పదకొండు మింగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. 2016 నుంచి కాలిఫోర్నియాలో రోగి అడిగితే వాడకం వివరాలు స్పానిష్, చైనీస్, కొరియన్, రష్యన్, వియత్నామీస్ భాషల్లో ఇచ్చి తీరాలి. ఆ అయిదింటిలో తెలుగు లేదు. అదేమీ నాకు బెంగ కాదు. ఇక్కడ మందుసీసా చదవలేని తెలుగువాళ్లు చాలావరకు ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలే, పక్కన కొడుకో కూతురో ఉంటారు. మిస్తెకో కూడా లేదు. బెంగ అది. మెక్సికోలోని వహాకా రాష్ట్రం నుంచి వచ్చిన చాలామంది కూలీలకు ఇంటి భాష మిస్తెకో. స్పానిష్ వాళ్లకూ నాకులాగే బయట నేర్చుకున్న భాష. మనం మాత్రం అందరినీ ఒకే గాటన కట్టి ‘లాటినో’ అనేస్తాం.

పొద్దున మొదట వచ్చింది నడుము నొప్పి మామ్మగారు. డెబ్బై దాటాయి. నిలబడినా సగం వంగే ఉంటారు. వయసులో ఉండగా సాలినాస్ వైపు లెట్యూస్ పొలాల్లో పొట్టిపిడి పారతో పనిచేశారట. ‘ఎల్ కొర్తీతో’ అంటారు దాన్ని, పొట్టిది అని. పిడి అడుగూ అడుగున్నర, కాబట్టి రోజంతా నడుము రెండుగా మడిచే పనిచేయాలి. దూరం నుంచి చూసే మేస్త్రీకి కూడా అది సౌకర్యం: నిటారుగా కనిపించినవాడు పని ఆపినట్టే లెక్క. 1975లో కాలిఫోర్నియా దాన్ని నిషేధించింది. పొడుగు పిడితో పని ఆగిపోతుందన్నారు, ఆగలేదు. మామ్మగారి నడుముకు మాత్రం అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. యాభై ఏళ్ల నాటి పిడికి నేను ఈనాడు మాత్రలు లెక్కపెట్టి ఇస్తున్నాను.

తరువాత ఒక బాలింత. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. యాంటీబయాటిక్ ఇస్తూ నీళ్లు బాగా తాగమన్నాను. “ఏ నీళ్లు?” అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. వాళ్లుండే చోట పంపు నీళ్లలో నైట్రేటు. దశాబ్దాలుగా పొలాల్లో గుప్పించిన ఎరువులు, పాడిపశువుల పేడ భూమిలోకి ఇంకి బావుల్లో తేలాయి. టులారీ కౌంటీలో తూర్పు ఒరోసీ లాంటి ఊళ్లు ఏళ్ల తరబడి సీసా నీళ్లు కొనుక్కునే బతుకుతున్నాయి. శుభ్రమైన నీరు మనిషి హక్కని రాష్ట్రం 2012లోనే చట్టం చేసింది. కాచి చల్లార్చి తాగమని మా అమ్మ అయితే ఠక్కున చెప్పేది. ఇక్కడ అది ఇంకా ప్రమాదం: కాచితే నీరు ఆవిరై నైట్రేటు మరింత చిక్కబడుతుంది. పాలపొడి ఆ నీళ్లలో కలిపితే పసిబిడ్డ రక్తానికి ప్రాణవాయువు మోసే శక్తి తగ్గుతుంది. అదే చెప్పాను. ఆమెకు నాకంటే బాగా తెలుసు. సీసా మీద ‘నీళ్లు ఎక్కువగా తాగవలెను’ అన్న చీటీ ముందే అంటించి ఉంది, అలాగే ఇచ్చేశాను.

పదకొండు గంటలకు ఒకాయన వచ్చారు. నలభై అయిదు ఉంటాయేమో, చేతుల మీద ద్రాక్ష జిగురు. పక్కన పదకొండేళ్ల కూతురు, బడి రోజున బడి మానేసి. మధుమేహానికి రాత్రి వేసుకునే ఇన్సులిన్ కాక, భోజనానికి ముందు వేసుకునేది కూడా రాశారు. నాలుగు నెలల్లో ఆ రెండోదాని మోతాదు మూడుసార్లు పెంచారు, చక్కెర దిగడం లేదు. డాక్టరు కాగితం మీద ‘మందు సరిగా వాడుతున్నట్టు లేదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముక్క. ఆ ముక్క ఒకసారి ఎక్కిందంటే ప్రతివాళ్లూ దాన్నే నమ్ముతారు.

పిల్లల చేత తర్జుమా చేయించకూడదని నియమం ఉంది. కారణం ఆ పిల్ల మొహంలోనే కనిపించింది. “మా నాన్న వేసుకుంటున్నాడు, నేను చూశాను” అని తనే నేరం చేసినట్టు చెబుతోంది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ఫోనులో స్పానిష్ దుబాసీని పట్టుకున్నాం. ఆయన ప్రతిదానికీ “సి, సి” అంటున్నారు, అవును అవును అని. మా తాతయ్య కూడా గుంటూరు పెద్దడాక్టరు ముందు ఇలాగే “చిత్తం, చిత్తం” అనేవాడు, అర్థమైనందుకు కాదు, త్వరగా బయటపడటానికి. అందుకని మా ప్రొమోతోరాను పిలిచాను. ప్రొమోతోరా అంటే మన ఆశా కార్యకర్త లాంటి మనిషి, ఆ ఊళ్లోదే, ఇంటింటికీ తిరుగుతుంది. ఈవిడకు మిస్తెకో వచ్చు.

ఆవిడ మధుమేహం సంగతి ఎత్తనే లేదు. ఏ ఊరు, ఎవరి మనుషులు, తోట ఎంత దూరం, అన్నీ అడిగింది. ఆయన గొంతు మారింది. జబ్బు ‘సుస్తో’ వల్ల వచ్చిందన్నారట, రెండేళ్ల కిందట రోడ్డు ప్రమాదం చూసి జడుసుకున్నారట. సుస్తో అంటే స్పానిష్‌లో దడుపు. మన సుస్తీకి చుట్టం కాదు గానీ నాకెప్పుడూ ఆ మాట వింటే మన సుస్తీయే తోస్తుంది. వీళ్లకు దిష్టి కూడా ఉంది, కోడిగుడ్డుతో దిగదుడుస్తారు. దాని మీద నవ్వే అర్హత ఎండుమిరపకాయలు, ఉప్పు పొయ్యిలో వేసిన ఇంట్లో పుట్టిన నాకు లేదు.

మాటల్లో మాటగా ఆవిడ అడిగింది, మధ్యాహ్నం ఇన్సులిన్ ఎక్కడ పెట్టుకుంటారని. ట్రక్కులో, డ్యాష్‌బోర్డు అరలో.

వాడకంలో ఉన్న ఇన్సులిన్ పెన్ను 86 డిగ్రీల ఫారెన్‌హీటు, అంటే 30 సెల్సియస్, దాటకూడదు. పూర్తి ఎండలో నిలబెట్టిన ట్రక్కు లోపల ఎంత ఉంటుందో, సీటు బెల్టు బకిలు తగిలి చేయి కాలినవాళ్లెవరైనా చెబుతారు. మందు విరిగిపోయింది, చూడటానికి మాత్రం నీళ్లలా తేటగానే ఉంటుంది. నాలుగు నెలలుగా ఆ మనిషి వేళ తప్పకుండా పొడుచుకున్నది చచ్చిన మందు.

ఒళ్లు జలదరించింది దాని తరువాతి సంగతికి. కొత్త పెన్ను ఇచ్చి, పెంచిన మోతాదే వేసుకోమని పంపితే? ఈసారి మందు పనిచేస్తుంది. ఎండలో, పని మధ్యలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమట, వణుకు, మైకం: పక్కవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు. డాక్టరుకు ఫోను చేసి మోతాదు మొదటి స్థాయికి దింపించేసరికి భోజనం వేళ దాటిపోయింది. ఆ ఇంగ్లీషు ముక్కను కూడా తీయించమన్నాను. చూస్తానన్నారు.

ఎండకు చట్టం లేక కాదు. పొలం కూలీలకు ఎండదెబ్బ తగలకుండా నిబంధన పెట్టిన తొలి రాష్ట్రం ఇదే, 2005లో. ఇప్పుడు 80 డిగ్రీలు దాటితే నీడ ఏర్పాటు చేయాలి, తాగునీరు ఎప్పుడూ పెట్టాలి. నిబంధన వచ్చిన మూడేళ్లకు, 2008 మేలో, శాన్ వాకీన్ కౌంటీ ద్రాక్షతోటలో పదిహేడేళ్ల గర్భిణి ఎండదెబ్బకు చనిపోయింది. కాగితం మీది నీడకు మనుషులే సరిగా నోచుకోలేదు, మందు సంగతి ఎవరు తలుస్తారు?

మధ్యాహ్నం క్లినిక్ పలచబడింది. ఈ వేసవి నుంచి ఇంతే. వలస అధికారుల దాడుల వార్తలు వచ్చాక, మెడికెయిడ్‌లో, అంటే పేదల ప్రభుత్వ వైద్యబీమాలో, ఉన్నవాళ్ల వివరాలు వాళ్ల చేతికి ఇచ్చారని జూన్‌లో తెలిశాక, మందులు ఇంటికి పంపుతారా అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కాగితాలు లేనివాళ్లకు కూడా, ఏ వయసువారికైనా, ఆదాయాన్ని బట్టి రాష్ట్ర వైద్యబీమా ఇవ్వడం 2024 జనవరిలో మొదలైంది. 2026 జనవరి నుంచి వాళ్లలో వయోజనులను కొత్తగా చేర్చుకోరు. తలుపు తీసిన రెండేళ్లకే మూశారు.

మొన్న శనివారం వినాయక నిమజ్జనంలో ఒకాయన, రెండో లడ్డూ చేతిలో ఉండగా, “వాళ్లకు ఆరోగ్యం మీద శ్రద్ధ ఉండదండీ” అన్నారు. ఆయనకూ మధుమేహమే. జవాబు అప్పుడు తట్టలేదు, ఇప్పుడు తడుతోంది. అమెరికాలో ఆ శ్రద్ధలేని ‘లాటినో’ల సగటు ఆయుర్దాయం 2019లో దాదాపు 82 ఏళ్లు, తెల్లవాళ్ల కన్నా మూడేళ్లు ఎక్కువ. డబ్బు తక్కువ, బీమా తక్కువ, అయినా ఎక్కువ కాలం ఎలా బతుకుతారని పండితులు తల గోక్కున్నారు. కోవిడ్ వచ్చాక, 2021 నాటికి అందులో నాలుగేళ్లు ఊడిపోయాయి. మనం ఇంట్లో కూర్చుని కంప్యూటర్ల ముందు పనిచేసిన రోజుల్లో ద్రాక్ష కోసిందీ, మాంసం ప్యాక్ చేసిందీ వాళ్లు.

ఆయన్ని అని లాభం లేదు. మా తాతయ్య మిరపచేలోకి ఏటా కర్నూలు వైపు నుంచి కోతకు కుటుంబాలు వచ్చేవి. చేను గట్టున గుడారాలు, కాలవ నీళ్లు. వాళ్లకు జ్వరం వస్తే ఎక్కడికి వెళ్లేవాళ్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు. వాళ్ల పిల్లల్లో ఒకమ్మాయిది నా వయసే, కారం మంటకు చేతులు ఎప్పుడూ పేడనీళ్లలో ముంచుకుంటూ ఉండేది. పేరు గుర్తు లేదు.

ఇంటికొచ్చి అమ్మకు ఫోను చేశాను. అక్కడ తెల్లవారింది. కరెంటు లేని రోజుల్లో తాతయ్య ఇన్సులిన్ ఎలా దాచేవాళ్లని అడిగాను.

“కుండలో ఇసుక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, పొద్దునా సాయంత్రం ఇసుక తడిపేవాళ్లం. ఎందుకే ఇప్పుడు? నీకేమీ లేదు కదా?”

“నాకు కాదమ్మా.”

“మీ ఆయనకా?”

ఇద్దరికీ కాదని నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది.

తులసి పెట్టుకుందామని కొన్న మట్టికుండీ, అడుగు చిల్లి మూసి, బాల్కనీలో పెట్టాను. ఇసుక, తడిగుడ్డ, మధ్యలో స్టీలు గ్లాసు, గ్లాసులో వంటింటి థర్మామీటరు. గుంటూరు ఉక్కలో తడి అంత త్వరగా ఆరదు, ఇక్కడి పొడి గాలికి ఇది ఇంకా బాగా చల్లబడాలి. రాత్రి ఎనిమిదికి బయట 91. గ్లాసులో 77. రేపు మిట్టమధ్యాహ్నం చూడమని ఇంట్లో చెప్పాను. ట్రక్కులో పెడితే గాలి ఆడదు, తీగ నీడన పెట్టుకోవాలి. పెట్టుకోనిస్తారో లేదో ప్రొమోతోరాను అడగాలి.