నూక ఎక్కడ పుడుతోంది

బుధవారం, రాత్రి.

యాసంగి వడ్లు దిగినప్పటి నుంచి మిల్లులో ఒకటే మాట: నూక ఎక్కువొస్తోంది. ఎందుకని అడిగితే తలా ఒక కారణం. తవుడు తీసే పాలిషర్ దగ్గరివాళ్లు వడ్లే బాగాలేవంటారు, ఊక ఒలిచే షెల్లర్ దగ్గరివాళ్లు పాలిషర్ రాయి అరిగిందంటారు, తూకం దగ్గరివాళ్లు ఎండల్లో మామూలేనంటారు. అందరి మాటలోనూ కొంత నిజం ఉంటుంది. చేప ముల్లు బొమ్మ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. జపాన్ ఇంజనీరు కౌరు ఇషికావా (1915–1989) వాడుకలోకి తెచ్చిన బొమ్మ ఇది: కుడిచివర తలలో సమస్య, నడుమ వెన్నెముక, దానికి ఏటవాలుగా ముళ్లు, ఒక్కో ముల్లు ఒక్కో రకం కారణం.

పాత క్యాలెండరు వెనక్కి తిప్పి గోడకు అంటించి గీశాం. తల రాయడానికే అరగంట పట్టింది. అక్కడ అంత సమయం పెట్టాల్సిందే. 'బియ్యం బాగా రావడం లేదు' అని రాస్తే దాని కింద ఏ ముల్లయినా అతుకుతుంది. చివరికి రాసిందిది: '1010 రకం వడ్లు, పచ్చి బియ్యం, రెండో పాలిష్ తర్వాత 100 గ్రాముల్లో నూక 38 గ్రాములు. పోయిన వారం 23.' ఏ రకం, ఏ దశ, ఎంత, ఎప్పటి నుంచి అనే నాలుగూ తలలో ఉండాలి. సర్కారుకిచ్చే పచ్చి బియ్యంలో నూక 25 శాతం మించకూడదన్నది ఏళ్లపాటు నడిచిన నిబంధన, ఆ లెక్కన 23కీ 38కీ మధ్య తేడా అంటే లారీ వెనక్కి రావడమే.

ముళ్లు ఆరు: మనుషులు, యంత్రాలు, సరుకు, పద్ధతి, కొలత, వాతావరణం. అందరూ యంత్రాలతో మొదలుపెడతారు. కొలతతో మొదలుపెట్టడం మేలు. కొలత తప్పయితే తలే తప్పు. ఒకే శాంపిల్‌ను ఇద్దరికిచ్చి ఏరమంటే ఒకరికి 31, ఇంకొకరికి 38 వచ్చింది. నిండు గింజ పొడవులో ముప్పావుకి తగ్గినదల్లా నూకే. మొదటివారు సగం దాటిన ముక్కను బియ్యంలో వేశారు. తేమ మీటరుదీ ఇదే కథ. డ్రయ్యర్ నుంచి వేడిగా దిగిన వడ్లు పోస్తే అంకె తప్పు చూపిస్తుంది, చల్లారాక చూడాలి.

యంత్రాల ముల్లు మీద ఒకరు 'కొత్త పాలిషర్ లేకపోవడం' అని రాశారు. కొట్టేశాం. అది పరిష్కారం, కారణం కాదు. బొమ్మలో అలాంటివి చేరితే చివరికి కొనుగోలు జాబితా మిగులుతుంది. దాని చోట కంటితో చూడగలిగినవి రాశాం: షెల్లర్‌లోని రబ్బరు రోలు (రోలర్) అరుగుదల, రెండు రోళ్ల మధ్య ఒత్తిడి, పాలిషర్‌లో తవుడు గీకే ఎమరీ రాయి, ఆ రాయి చుట్టూ ఉండే రబ్బరు బ్రేకుల సందు. రోలు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రెండు రోళ్లలో ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా తిరుగుతాయి. ఆ వేగాల తేడాకే ఊక ఊడుతుంది. వేగంగా తిరిగేది ముందు అరిగి చుట్టుకొలత తగ్గుతుంది, తేడా సన్నగిల్లుతుంది, ఊడని వడ్లు పెరుగుతాయి. అప్పుడు ఆపరేటర్ చక్రం తిప్పి ఒత్తిడి పెంచుతాడు. ఊక ఊడుతుంది, గింజా విరుగుతుంది. సమయానికి రెండు రోళ్లనూ అటూ ఇటూ మారిస్తే ఇంత దాకా రాదు. పైగా షెల్లర్‌లో ఒక్క దెబ్బకే మొత్తం ఊడాలని పట్టుపట్టనక్కర్లేదు. నూటికి 85–90 ఊడితే చాలు, మిగతావాటిని సెపరేటర్ ఎలాగూ వెనక్కి పంపుతుంది.

బొమ్మ పూర్తయ్యేసరికి ఇరవైకి పైగా కారణాలు. ఇక్కడ ఆపేసి చేతులెత్తి ఓట్లు వేయించే అలవాటు చాలాచోట్ల ఉంది. అది నాకు అస్సలు నచ్చదు. బొమ్మ ఇచ్చేది అనుమానాలే, రుజువు శాంపిల్ ఇవ్వాలి. అందుకే మధ్యాహ్నం ఒకే లాటు వడ్ల నుంచి దశదశకూ 100 గ్రాములు పట్టాం. షెల్లర్ దాటిన ముడి బియ్యంలో విరిగినవి 14 గ్రాములు, మొదటి పాలిష్ తర్వాత 29, రెండోదాని తర్వాత 38. రోలు ఒత్తిడి తగ్గించి మళ్లీ ఆడిస్తే షెల్లర్ దగ్గర 9కి, చివర 33కి దిగింది. అంటే రోలు వాటా ఐదే. ఇంకా పది గ్రాములకు లెక్క తేలలేదు.

అది తేలింది చీకటి గదిలో. వంద వడ్లు చేత్తో ఒలిచి, అద్దం పలక మీద పరిచి, కింద బల్బు వెలిగించి చూడాలి. మంచి గింజ ఒకే తీరుగా మసకగా మెరుస్తుంది. దెబ్బతిన్న గింజలో అడ్డంగా వెంట్రుకంత గీత కనిపిస్తుంది, కొన్నింటిలో రెండు మూడు. ఈ లాటులో నూటికి 34 గీతలున్నవే. పోయిన వారం లాటు నుంచి దాచిన శాంపిల్‌లో 6. యంత్రం ముట్టుకోకముందే గింజ లోపల విరిగి ఉంది, పాలిషర్ దాన్ని విడదీసిందంతే. తేమ మీటరు మాత్రం రెండింటికీ 13 శాతం దగ్గరే చూపించింది, అందుకే దించుకునేటప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక సరుకు ముల్లు మీదే 'ఎందుకు' అని అడుగుతూ పోవాలి. గింజలో గీత ఎందుకు? బాగా ఎండిన గింజ మళ్లీ తేమ పీల్చింది, పైపొర ఉబ్బింది, లోపలిది ఉబ్బలేదు. తేమ ఎందుకు తగిలింది? ఎండకు కణకణలాడిన వడ్ల మీద రాత్రి జల్లు పడింది. ఎందుకు కప్పలేదు? కల్లంలో రాశులు ఎక్కువ, టార్పాలిన్లు తక్కువ. ఎందుకు తక్కువ? వరికోత మిషన్లన్నీ ఒకే వారంలో దిగాయి, ఊరంతా ఒకేసారి ఆరబోసింది. కొన్ని మళ్లు కోతకు ఆలస్యమై గింజ కంకి మీదే బీటలు వారి ఉండొచ్చు. దాన్ని బొమ్మ మీద ప్రశ్న గుర్తుతో వదిలాం, ఆ పొలాల శాంపిల్ చేతిలో లేదు. మన చేయి ఆడే చోట 'ఎందుకు' ఆపాలి. 'రైతు అజాగ్రత్త' అని రాసి ఆపితే దాంతో చేయగలిగిందేమీ ఉండదు. టార్పాలిన్ల లెక్క దగ్గర ఆపితే, రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల మందాన పరచి అరగంటకోసారి తిప్పి, చీకటి పడకముందే కప్పమని చెప్పడానికీ, టార్పాలిన్లు సర్దడానికీ వీలుంటుంది.

రేపటి నుంచి ప్రతి లారీకీ తేమతో పాటు వంద గింజల గీతల లెక్క కూడా రిజిస్టరులో పడుతుంది, పదిహేను నిమిషాల పని. ఈ 34 గీతల లాటు పచ్చి బియ్యానికి పనికిరాదు. నానబెట్టి, ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తే గింజలోని పిండి ఉడికి ఆ బీటలను అతికేస్తుంది. నానబెట్టే తొట్టెలు పొద్దున ఆరింటికి ఖాళీ అవుతాయి.