అలీనం వేరు, తటస్థం వేరు

ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో అమెరికా, సోవియట్ శిబిరాలు రెండింటిలోనూ చేరని దేశాలు కలిసి పెట్టుకున్నది అలీనోద్యమం. దాని పేరెత్తితే చాలు, గోడ మీద పిల్లి అనేస్తారు. స్విట్జర్లాండ్‌ది తటస్థత: ఎవరి యుద్ధంలోనూ దిగనని ప్రపంచానికి ఒప్పుకుని కూర్చున్న దేశం. అలీన దేశం ఆ మాట ఎవరికీ ఇవ్వలేదు. ముందే ఏ శిబిరంలోనూ పేరు రాయించుకోదు, అంతే. తగాదా వచ్చాక మంచిచెడ్డలు చూసి ఎటైనా మాట్లాడొచ్చు.

1961 సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో జరిగిన తొలి శిఖరాగ్ర సదస్సుకి ఎవరిని పిలవాలో తేల్చడానికి జూన్‌లో కైరోలో కూర్చుని ఐదు అర్హతలు రాసుకున్నారు. స్వతంత్ర విదేశాంగ విధానం, విముక్తి పోరాటాలకు మద్దతు అనే రెండింటితో పేచీ లేదు. చిక్కంతా మిగతా మూడింటితోనే: సైనిక కూటమి, అగ్రరాజ్యంతో సైనిక ఒప్పందం, సొంత గడ్డపై విదేశీ స్థావరం. వీటిని పూర్తిగా నిషేధించలేదు. అగ్రరాజ్యాల వైరంలో భాగంగా కుదిరినవైతేనే కుదరదన్నారు. చివర తగిలించిన ఈ షరతు తోకలోనే ఉంది కిటుకంతా.

తన గడ్డ మీది గ్వాంటనామోలో అమెరికా స్థావరం ఉన్నా క్యూబా బెల్‌గ్రేడ్ వెళ్లింది. ఆ లీజు 1903 నాటిది, అప్పటికి ప్రచ్ఛన్నయుద్ధమే లేదు. పాకిస్తాన్ సంగతి వేరు. ఆసియా, ఆఫ్రికా దేశాలు కలిసిన 1955 బాండుంగ్ సదస్సును తలపెట్టిన ఐదు దేశాల్లో అదీ ఒకటి. కానీ అమెరికా వైపు సైనిక కూటములైన సీటో, సెంటోల్లో ఉండటంతో బెల్‌గ్రేడ్‌లో చోటు లేదు. 1979లో సెంటోను వదిలాకే సభ్యత్వం దక్కింది.

తోక ఎంత సాగుతుందో మన 1971 ఆగస్టు 9 నాటి సోవియట్ ఒప్పందం చూపిస్తుంది. నాలుగో అధికరణంలో భారత అలీన విధానాన్ని గౌరవిస్తామని మాస్కో రాసిచ్చింది. తొమ్మిదో అధికరణానికి వచ్చేసరికి, ఎవరిమీద దాడి జరిగినా, ముప్పు వచ్చినా ఇద్దరూ వెంటనే సంప్రదించుకోవాలి. అమెరికా-చైనా సయోధ్య మొదలైన వేళ అది అగ్రరాజ్యాల వైరంతో సంబంధం లేని కాగితమంటే, నాకైతే నమ్మబుద్ధి కాదు.

ఉద్యమానికి నిబంధనావళి లేదు, శాశ్వత సచివాలయం లేదు. నిర్ణయాలు ఏకాభిప్రాయంతోనే, నచ్చనివాళ్లు తమ అభ్యంతరం నమోదు చేసి ఊరుకుంటారు. పత్రాల మీద ఇది బాగానే నడుస్తుంది. ఒకే కుర్చీకి ఇద్దరొస్తేనే బిగుసుకుపోతుంది. 1979 హవానా సదస్సులో కంపూచియా (నేటి కంబోడియా) తరఫున గద్దె దిగిన ఖ్మేర్ రూజ్ పక్షం ఒకవైపు, వియత్నాం నిలబెట్టిన ప్రభుత్వం మరోవైపు నిలిచాయి. చివరికి కుర్చీ ఖాళీగా ఉంచారు. సోవియట్ కూటమి అలీన దేశాలకి సహజ మిత్రపక్షమని క్యూబా నేత కాస్ట్రో, ఏ కూటమీ వద్దని యుగోస్లావియా నేత టిటో వాదులాడుకున్నది కూడా అక్కడే. ఆ ఏడాదే బర్మా, అదీ బాండుంగ్‌ను తలపెట్టిన ఐదింటిలో ఒకటి, ఉద్యమం నుంచే తప్పుకుంది.