ట్రంకు రోడ్డు బ్యానరులో ఆమె ఎత్తు

నెల్లూరు ట్రంకు రోడ్డులో నేను డిజైనరుగా ఉన్న ఫ్లెక్సీల దుకాణానికి వచ్చిన ఒక సినిమా బ్యానరులో, హిజ్రా పాత్రను నవ్వు పుట్టించేలా కింద మూలన చిన్నగా పెట్టమన్నారు. మగవాణ్ణి ప్రేమించే మగవాణ్ణయిన నాకు చిన్నప్పటినుంచీ తెరమీద దొరికిన చోటూ ఆ మూలే. కూచిపూడి నాట్యంలో ఆడవేషం కట్టి, సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ జడ ముందుకు వేసుకుంటే (అది నటనే, గుర్తింపు కాదు, నిజమే) కళ్లార్పకుండా చూసిన ప్రేక్షకులు మనవాళ్లే కదా!

1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ అనే కళాకారుడు నాలాంటివాళ్ల గుర్తుగా రూపొందించిన ఇంద్రధనుస్సు జెండాలో మొదట 8 రంగులుండేవి. ముదురు గులాబి గుడ్డ చాలినంత దొరకక ఆ రంగును తీసేశారు, తర్వాత మరొకటీ తగ్గి చివరికి 6 మిగిలాయి. గుడ్డ దొరకక ఒక రంగు పోవడం నాకు అర్థమవుతుంది. చోటున్నా మనిషిని మూలకు నెట్టడం అర్థం కాదు.

బ్యానరుకు ఇచ్చిన ఫొటోల్లో ఆ హిజ్రా పాత్ర జరీ అంచు చీరలో నిటారుగా నిలబడినదాన్ని ఎంచి, మిగతా పాత్రల వరుసలో, వాళ్లంత ఎత్తులోనే నిలిపాను. ఓనరు కాసేపు చూసి, ప్రింటుకు పంపమన్నాడు.